అద్దకం ఊరివాళ్లు తుయతైర చూస్తే
దారి చూపినవాళ్లు – 11వ భాగం

టర్కీలో, ప్రకటన గ్రంథం చెప్పే ఏడు సంఘాల యాత్రకు బయల్దేరిన బస్సు అన్ని ఊళ్లలోనూ ఒకే తీరుగా ఆగదు. ఎఫెసులో ఒక పూట ఇట్టే గడిచిపోతుంది. పెర్గములో కొండెక్కి దిగేసరికి మోకాళ్లు పట్టేస్తాయి. సార్దీసులో పాత దేవళం స్తంభాలు చూసి జనం నోరు తెరుస్తారు. తుయతైర దగ్గరికొచ్చేసరికి మాత్రం గైడు చేతి గడియారం చూసుకుంటాడు. ఆ ఊరిని ఇప్పుడు అఖిసార్ అంటారు. అంగళ్లు, అపార్టుమెంట్ల నడుమ కంచె వేసిన కాస్త జాగా, అందులో పడిపోయిన స్తంభాలు, విరిగిన కమాను రాళ్లు. ప్రకటన గ్రంథం రెండో అధ్యాయం విప్పి చదువుతారు, ప్రార్థన చేస్తారు, గ్రూపు ఫొటో దిగుతారు, మళ్లీ బస్సెక్కుతారు. ఇంత దూరం వచ్చింది ఈ నాలుగు రాళ్లకా అని పెదవి విరిచేవాళ్లే ఎక్కువ.

ఆ బస్సులో వేలూరు జిల్లా గుడియాత్తం నుంచి వెళ్లినవాళ్లు ఉంటే మాత్రం అంత తొందరగా బస్సెక్కకూడదని నా మాట. ఆ ఊరి గురించి గైడు చెప్పలేని సంగతి వాళ్ల ఇంటి పక్క వీధిలోనే ఉంది. అదేమిటో చెప్పడానికి కొంచెం చుట్టు తిరగాలి.

గత భాగంలో ఎజీరియాను సీనాయి కొండ దగ్గర వదిలిపెట్టాం. క్రీస్తుశకం 381 నుంచి 384 దాకా పవిత్ర స్థలాలన్నీ తిరిగి, ఊళ్లో ఉన్న ‘అక్కచెల్లెళ్ల’కు ఉత్తరం రాసిన ఆ పడమటి దేశపు స్త్రీ ఎక్కడా ఒంటరిగా తిరగలేదు. సన్యాసులు దారి చూపించారు, బిషప్పులు ఎదురొచ్చారు, దోపిడీల భయమున్న చోట రోమను సైనికులు వెంట నడిచారు. ప్రతి చోటా ఒకటే పద్ధతి: చేరగానే ప్రార్థన, ఆ స్థలానికి సంబంధించిన బైబిలు భాగం చదవడం, ఒక కీర్తన, మళ్లీ ప్రార్థన. అఖిసార్ కంచె లోపల మనవాళ్లు చేసేది సరిగ్గా ఇదే. టూరు కంపెనీలు పుట్టక ముందే టూరు కార్యక్రమం పుట్టిందన్నమాట.

ఎజీరియా రాసినవాటిలో నాకు బాగా నచ్చేది యెరూషలేము ఆరాధన వర్ణన. అక్కడ బిషప్పుకు సిరియా భాష వచ్చినా గ్రీకులోనే మాట్లాడేవాడట. పక్కనే ఒక పెద్ద నిలబడి ఆ మాటల్ని సిరియా భాషలో చెప్పేవాడు. ఈ రెండూ రాని లాటిను వాళ్లకు, ఆ భాషలు తెలిసిన సోదరులెవరో చెవిలో వివరించేవాళ్లు. మన సరిహద్దు ఊళ్లలో సువార్త సభలకు వెళ్లినవాళ్లకు ఇది కొత్త దృశ్యం కాదు. తమిళ ప్రసంగీకుడి పక్కన మైకు పట్టుకుని, వాక్యం ముగియకముందే తెలుగు అందుకునే మనిషిని చూసే ఉంటారు. పదహారు శతాబ్దాల నాటి ఉద్యోగం అతనిది.

ఆమె ఎదెస్సాకు కూడా వెళ్లింది. నేటి టర్కీలోని ఉర్ఫా అదే. అపొస్తలుడైన తోమా ఎముకలు అక్కడ ఉన్నాయని ఆ కాలపు నమ్మకం. ఆ సమాధి దగ్గర ప్రార్థన చేసుకుంది. ఆ ఎముకలు ఇండియా నుంచి వచ్చాయని సిరియా క్రైస్తవులు చెప్పుకునేవారు. వేలూరు నుంచి మూడు గంటల్లో చేరగల మైలాపూరులో ఉన్నది ఆ కథకు ఈ చివర. 13వ శతాబ్దం చివర్లో ఇటువైపు వచ్చిన మార్కో పోలో, తోమా సమాధికి క్రైస్తవులూ ముస్లిములూ యాత్ర వస్తారనీ, అక్కడి ఎర్రమట్టిని జబ్బులకు మందుగా తీసుకుపోతారనీ రాశాడు. 1523లో పోర్చుగీసువాళ్లు ఆ సమాధిని తవ్వారు. 1547లో పరంగిమలై మీద పహ్లవీ అక్షరాల శిలువ బయటపడింది. ఇప్పుడున్న శాంతోము గుడి మాత్రం 1896 నాటిది. తోమా నిజంగా వచ్చాడా అన్న చర్చకు ఈ ధారావాహికలో వేరే భాగం కేటాయించాను, ఇక్కడ దిగను. ఎజీరియా మొక్కిన సమాధి కథ మన తీరంలో మొదలైందన్న మాట గుర్తుంటే చాలు.

తిరుగు ప్రయాణంలో కాన్‌స్టాంటినోపుల్ చేరాక ఎజీరియా తన అక్కచెల్లెళ్లకు ఇంకో కోరిక చెప్పింది: యోహాను సమాధి కోసం ఎఫెసు వెళ్తాను. ఆమె ప్రయాణ కథ అక్కడితో ఆగిపోయింది. ఇటలీలోని అరెజ్జోలో 1884లో దొరికిన ఆ ప్రతికి మొదలూ తుదీ లేవు. ఏడు సంఘాల నేల గడప దాకా తీసుకొచ్చి మన గైడు మాయమైంది.

ఆ తర్వాత ఈ ఊళ్లకు దారి చూపింది సన్యాసులు కాదు, వర్తకులు. తురుష్క సుల్తానుల కాలంలో స్ముర్న పెద్ద రేవు, ఇప్పటి ఇజ్మీర్. అక్కడ ఇంగ్లీషు వర్తకుల కొఠీ ఉండేది, దానికో చాప్లిన్ ఉండేవాడు. వర్తకుల గుర్రాలు, వాళ్ల దుబాసీలు, వాళ్ల జాబులు పట్టుకుని ఆ చాప్లిన్లు చుట్టుపక్కల బైబిలు ఊళ్లు వెతికేవారు. అలాంటి ఒకాయన ఫ్రాన్సిస్ అరండెల్, తన ఏడు సంఘాల యాత్రను 1828లో పుస్తకంగా అచ్చువేశాడు. మన మద్రాసులో కంపెనీ దుబాసీలు చేసిన పనే అక్కడా జరిగింది. దుబాసీ అంటే రెండు భాషలవాడనే కదా అర్థం. పాలస్తీనాలో అదే పని చేసినవాణ్ని డ్రాగోమాన్ అన్నారు.

తర్వాత రైలొచ్చింది. 1856 జూలై 1న రాయపురం నుంచి వాలాజా రోడ్డు దాకా దక్షిణాదిన తొలి ప్రయాణికుల రైలు నడిచింది. వాలాజా రోడ్డంటే వేలూరుకు దగ్గరే. అదే ఏడాది స్ముర్న నుంచి అయిదిన్ దాకా రైలు వేసుకోవడానికి ఇంగ్లీషు కంపెనీకి సుల్తాను అనుమతి దొరికింది. ఆ లైను మీద స్టేషన్ల నమూనాలు గీయడానికి వెళ్లినవాడే జాన్ టర్టిల్ వుడ్. స్టేషన్లు వదిలేసి ఎఫెసులో అర్తెమి గుడి కోసం తవ్వడం మొదలుపెట్టాడు. 1863 నుంచి తవ్వాడు. ప్రపంచ వింతల్లో ఒకటని పేరున్న గుడి ఎక్కడుందో జాడ లేదు. చివరికి దారి చూపింది మనిషి కాదు, ఒక శాసనం. దేవత వెండి, బంగారు ప్రతిమల్ని గుడి నుంచి మగ్నీసియా ద్వారం మీదుగా నాటకశాలకు ఊరేగింపుగా ఎలా తీసుకురావాలో చెప్పే శాసనం అది. సలుతారిస్ అనే ధనికుడు 104లో చేసిన ఏర్పాటు. పాతికవేల మంది పట్టే ఆ నాటకశాలలోనే ఒకప్పుడు కంసాలి దేమేత్రియ మనుషులు పౌలు మీద గొంతులు చించుకుని అరిచారు. వుడ్ ఊరేగింపు దారిని వెనక్కి పట్టుకుని మగ్నీసియా ద్వారం దాటి పోయాడు. 1869 డిసెంబరు 31న గుడి నేల తగిలింది.

జాతర దారి తెలిస్తే గుడి దొరుకుతుందన్న మాట గుడియాత్తంలో ఎవరికీ వివరించక్కర్లేదు. ఏటా మే నెల మధ్యలో గంగమ్మ శిరసు వీధులు తిరిగే రోజున ఊరి పటం గీయమంటే చిన్నపిల్లలు కూడా గీస్తారు.

1869 విచిత్రమైన సంవత్సరం. ఆ ఏటే థామస్ కుక్ తన తొలి బృందాన్ని ఈజిప్టు, పాలస్తీనాలకు తీసుకెళ్లాడు. నవంబరులో సూయజ్ కాలువ తెరిచారు. డిసెంబరులో ఎఫెసు గుడి దొరికింది. ఇవి మూడూ యాత్రా చరిత్ర పుస్తకాల్లో ఉంటాయి. నాలుగోది ఉండదు. జర్మనీలో గ్రేబే, లీబర్‌మన్ అనే ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞులు అలిజరిన్ అనే ఎర్రరంగును తారు నుంచి తయారుచేసే పద్ధతికి ఆ ఏడాదే పేటెంటు తీసుకున్నారు. నన్నడిగితే తుయతైర కథకు మిగతా మూడింటికన్నా ఇదే దగ్గర.

ఎందుకంటే తుయతైర రంగుల ఊరు. అక్కడ దొరికిన గ్రీకు శాసనాల్లో వృత్తి శ్రేణుల పేర్లు బారులు తీరి ఉన్నాయి: ఉన్ని పనివాళ్లు, నార బట్టలవాళ్లు, తోళ్ల పనివాళ్లు, కుమ్మరులు, రొట్టెలు కాల్చేవాళ్లు, కంచరులు. వీటిలో మళ్లీ మళ్లీ కనిపించేది రంగులద్దేవాళ్ల శ్రేణి. అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయంలో ఫిలిప్పీ ఏటి ఒడ్డున పౌలు మాటలు విన్న లూదియ ఈ ఊరి మనిషే. మూల గ్రీకులో ఉన్నది ఊదా సరుకు అమ్మేదని మాత్రమే. చాలా దేశాల అనువాదకులు దాన్ని ఊదా బట్టలుగా తీసుకున్నారు. మన తెలుగు బైబిలు మాత్రం ఆమె చేతికి రంగు పొడి ఇచ్చింది. అది అనువాదంలో పొరపాటని కొందరు పెద్దలు ముఖం చిట్లిస్తారు. నాకైతే అది ఒక నేత సీమ చదువరి కన్ను అనిపిస్తుంది. ఇక్కడ రంగు సంచులతో ఊరూరూ తిరిగి అమ్మినవాళ్లు ఉన్నారు కదా.

రోమను దొరలు ధరించిన అసలు ఊదారంగు సముద్రపు నత్తల నుంచి తీసేవారు. తుయతైర సముద్రానికి దూరంగా లోపలి నేలలో ఉంది. మరి అంత రంగు ఎక్కడిది? వేరు నుంచి వచ్చిందని చిన్న ఆసియా అంతా తిరిగిన విలియం రామ్సే వాదించాడు. 1904లో ఏడు సంఘాలకు రాసిన ఉత్తరాల మీద పుస్తకం తెచ్చినవాడు ఆయనే. ఆ వేరు మంజిష్ఠ జాతిది. దాంతో పట్టే ఎరుపే తర్వాతి కాలంలో టర్కీ ఎరుపుగా ప్రపంచమంతా పేరు పొందింది.

ఇప్పుడు మన తీరానికి రండి. నెల్లూరు, మచిలీపట్నం ఇసుక నేలల్లో చిరువేరు మొక్క పెరుగుతుంది. తమిళంలో చాయవేరంటారు. కలంకారీ బట్టల మీది ఎరుపు దాని చలవే. డచ్చివాళ్లు, ఫ్రెంచివాళ్లు, ఇంగ్లీషువాళ్లు మన తీరాన కొఠీలు పెట్టడానికి ఆ ఎరుపు కూడా ఒక కారణం. మంజిష్ఠకూ చిరువేరుకూ ఆకులో పోలిక లేకపోవచ్చు, రెంటి వేళ్లలోనూ ఎరుపు ఇచ్చే పదార్థం ఒకటే, అలిజరిన్. అందుకే ఆ జర్మనీ పేటెంటు తర్వాత ఆ పదార్థం తారు నుంచి తయారవడం మొదలవగానే దెబ్బ రెండు చోట్లా తగిలింది. అనటోలియాలో మంజిష్ఠ తోటలు పోయాయి. కోరమండల్ తీరాన చిరువేరు తవ్వేవాళ్ల బతుకు పోయింది. డబ్బాలో వచ్చే రంగు చౌక, పని సులువు. గుడియాత్తం లుంగీ నూలును ఈ కొత్త రంగుల్లోనే ముంచారు, తుయతైర వారసులు కూడా వాటితోనే సరిపెట్టుకున్నారు. అఖిసార్ కంచె ముందు నిలబడి గుడియాత్తం మనిషి గుర్తు చేసుకోవాల్సిన మొదటి సంగతి ఇది.

రెండోది ఇంకా లోతైనది.

తెలుగు క్రైస్తవుడి నోట సంఘం అంటే చర్చి. నేతగాడి నోట సంఘమంటే చేనేత సహకార సంఘం. ఒకే మాట, రెండు ఇళ్లు. తుయతైరలో ఢీకొన్నది ఈ రెండు సంఘాలే. ప్రకటన గ్రంథంలోని ఏడు ఉత్తరాల్లో అన్నిటికన్నా పెద్దది తుయతైరకు రాసినదే, ఏడింటిలో అంత పేరు ప్రతిష్ఠలు లేని ఊరైనా సరే. ఆ ఉత్తరంలో యెజెబెలు అని పిలిచిన ఒక స్త్రీ, విగ్రహాలకు పెట్టిన నైవేద్యం తింటే తప్పు లేదని నేర్పుతోందని కోపం. గైడు ఇక్కడ పాత నిబంధనలోని రాణి యెజెబెలు కథ చెప్పి ముందుకు పోతాడు. రామ్సే మొదలు చాలామంది పండితులు చెప్పే వివరణ వేరు. శ్రేణికి ఒక దేవుడుంటాడు. శ్రేణి విందు ఆ దేవుడి పేర జరుగుతుంది. ఆ విందులో చేయి కడుక్కుని కూర్చోనివాడికి శ్రేణిలో చోటుండదు, శ్రేణిలో చోటు లేనివాడి రంగుతొట్టి ఎండిపోతుంది. ఆ రోజుల్లో విశ్వాసం గుండెలో కన్నా ముందు కంచంలో తేల్చుకోవాల్సి వచ్చేది.

ఆర్కాటు మిషను కాలంలో పాలారు చుట్టుపక్కల పల్లెల్లో వచ్చిన తగాదా ఇంతకన్నా వేరు కాదు. 1853లో హెన్రీ, విలియం, జోసెఫ్ అనే స్కడ్డర్ సోదరులు ఆ మిషను మొదలుపెట్టారు. అమెరికా నుంచి వచ్చిన డాక్టర్ జాన్ స్కడ్డర్ కొడుకులు వాళ్లు. మిషనులోకి వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఊరి బయటి వాడల వాళ్లు. జాతరలో డప్పు కొట్టడం ఊరు వాళ్ల నెత్తిన పెట్టిన చాకిరీ. బాప్తిస్మం తీసుకున్నాక డప్పు కొట్టాలా వద్దా? జాతర చందా ఇవ్వాలా వద్దా? ఇవ్వకపోతే కూలి దొరుకుతుందా, చెరువు నీళ్లు దొరుకుతాయా? దక్షిణాదిన క్రైస్తవం అడుగుపెట్టిన ప్రతి తాలూకాలోనూ ఈ ప్రశ్న లేచింది. డప్పు కొట్టనన్నవాళ్లు భక్తితోనే అనలేదు, ఆ చాకిరీ వదిలించుకోవడానికీ అన్నారు. కొట్టమన్నవాళ్లూ దేవత మీద ప్రేమతోనే అనలేదు. ఎవరిది తప్పో తేల్చడం నా పని కాదు. ఆ ఉత్తరాన్ని గుడియాత్తంలో చదివితే మాత్రం మొన్నటి పంచాయితీ కాగితంలా ఉంటుంది.

ఈ ఊళ్ల పేర్లు తెలుగు చదువరికి చేరడంలో ఆర్కాటు మిషనుదీ ఒక చేయి ఉంది. జేకబ్ చేంబర్లిన్ అనే డాక్టరు ముందు పలమనేరులో ఉన్నాడు, 1863 నుంచి మదనపల్లెలో స్థిరపడ్డాడు. తెలుగు బైబిలు సవరణ సంఘానికి చాలా ఏళ్లు నాయకుడు ఆయనే. తెలుగులో బైబిలు నిఘంటువు తేవడానికి ముసలితనంలోనూ పాటుపడ్డాడు. గుడియాత్తం పక్కన పారే కౌండిన్య ఆ పలమనేరు కొండల్లో పుట్టినదే. అంటే తుయతైర ఎక్కడుందో, లవొదికయ నీళ్లు ఎందుకు నులివెచ్చనో తెలుగులో చెప్పాలని తపించిన మనిషి ఈ ఏటికి ఎగువన కొన్నాళ్లు ఉన్నవాడే.

లవొదికయ నీళ్ల సంగతి ఎత్తాను కాబట్టి ఒక్క మాట. పక్కనున్న హియెరాపొలి వేడినీటి బుగ్గలకు పేరుపడ్డది, కొలొస్సయి వైపు చల్లని నీళ్లు. ఈ రెండు ఊళ్ల నడుమ ఉన్న లవొదికయకు దూరం నుంచి రాతి గొట్టాల్లో వచ్చిన నీళ్లు వేడీ కావు, చలవా కావు. సున్నం పేరుకుపోయిన ఆ గొట్టాలు నేటికీ అక్కడున్నాయి. ఇది గైడ్లందరూ చెబుతారు, బాగానే చెబుతారు. నేను సాగదీయను.

ఇక తోళ్ల పని సంగతికి, యొప్పేకు వద్దాం. ఇది ఏడు సంఘాల్లోది కాదు, ఇశ్రాయేలు యాత్రలోది, ఇప్పటి జాఫా. పేతురు అక్కడ చర్మకారుడైన సీమోను ఇంట్లో చాలా రోజులు దిగాడని అపొస్తలుల కార్యములు చెబుతుంది. జాఫా సందుల్లో ఆ ఇల్లంటూ ఒక తలుపు చూపిస్తారు. సంప్రదాయం మాటే తప్ప సాక్ష్యం లేదు, లోపలికి పోనివ్వరు కూడా. సీమోను ఇల్లు సముద్రం ఒడ్డున ఉండేదని గైడు చెప్పగానే యాత్రికులు సముద్రం వైపు తిరిగి ఫొటో తీసుకుంటారు. చల్లగాలి కోసం కట్టుకున్న ఇల్లని వాళ్ల ఊహ.

రాణిపేట, ఆంబూరు, వాణియంబాడి, గుడియాత్తాన్ని ఆనుకున్న పేర్ణాంబట్టు వాళ్లెవరూ ఆ పొరపాటు పడరు. తోళ్లు పదును చేసే చోటుకు నీళ్లు కావాలి, కంపు పోవడానికి ఖాళీ జాగా కావాలి. పాలారు ఒడ్డున అందుకే పెట్టారు. తంగేడు చెక్కతో పదును పెట్టిన తోళ్లు 19వ శతాబ్దంలో ఈ సీమ నుంచి మద్రాసు రేవు మీదుగా ఇంగ్లండుకు వెళ్లాయి. తంగేడును తమిళంలో ఆవారం అంటారు. తర్వాత క్రోము వచ్చింది, ఏరు పాడైంది. పాలారులోకి వదిలిన తోళ్ల ఫ్యాక్టరీల మురుగు మీద వేలూరు పౌరుల సంక్షేమ వేదిక వేసిన కేసులో సుప్రీంకోర్టు 1996 ఆగస్టు 28న ఇచ్చిన తీర్పు దేశమంతటా పర్యావరణ చట్టానికి పాఠ్యాంశం. ఈ జాగ్రత్త కొత్తది కాదు, యూదుల మిష్నా గ్రంథమే తోళ్ల పని ఊరికి 50 మూరల అవతల, అదీ తూర్పున పెట్టుకోవాలని చెప్పింది. సీమోను సముద్రం ఒడ్డుకు పోయింది షికారుకు కాదు, ఊరు గెంటితే. చచ్చిన పశువును ముట్టే ఆ ఇంట్లో ఒక యూదు పెద్దమనిషి అన్నం తిని పడుకోవడమే పెద్ద సంగతి. ఆ మిద్దె మీదే పేతురుకు, దేవుడు పవిత్రం చేసినదాన్ని అపవిత్రమనొద్దన్న దర్శనం కలిగింది. ఆ వెంటనే కైసరయలో రోమను అధికారి కొర్నేలీ గడప తొక్కాడు. పేతురు ఎవరింట్లో దిగాడో చూడకుండా దర్శనం ఒక్కటే చెప్పుకుంటే సగం కథ జారిపోతుంది. పేర్ణాంబట్టు తోళ్ల షాపుల పక్కన పుట్టినవాడికి ఆ సగం ముక్కుతోనే అందుతుంది.

ఇంతకీ ఈ యాత్రలకు ఎవరు వెళ్తున్నారు? ఒకప్పుడు బిషప్పులు, మిషను కాలేజీ ప్రిన్సిపాళ్లు వెళ్లి వచ్చి, తెచ్చిన ఒలీవ కొయ్య శిలువ గాజు బీరువాలో పెట్టుకునేవారు. ఇప్పుడు టీచర్లు, నర్సులు, చిన్న వ్యాపారులు, పల్లె పాస్టర్లు వెళ్తున్నారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి కాలంలో యెరూషలేము యాత్రకు ప్రభుత్వ సాయం మొదలైంది. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, ఏడాదికి మూడు లక్షల లోపు ఆదాయమున్నవాళ్లకు ఆ సాయాన్ని 60,000 రూపాయలకు, అంతకు మించిన ఆదాయమున్నవాళ్లకు 30,000కు పెంచింది. తమిళనాడులో జయలలిత ప్రభుత్వం 20,000తో మొదలుపెట్టిన పథకం తర్వాత 37,000కు, సన్యాసినులకు 60,000కు పెరిగింది. కాబట్టి సరిహద్దులోని పరదరామి చెక్‌పోస్టుకు అటున్న తెలుగు క్రైస్తవుడికి ఒక లెక్క, ఇటున్న అతని మేనమామకు మరో లెక్క.

తమిళనాడు పథకం తీసుకెళ్లేది ఇశ్రాయేలు, ఈజిప్టు, జోర్డాను దేశాలకు. బేత్లెహేము, నజరేతు, యొర్దాను, గలిలయ సముద్రం, సీనాయి. క్రీస్తు నడిచిన చోట్లు సరే. క్రీస్తు పోయాక సంఘం విస్తరించిన చోట్లు, అంటే అంతియొకయ, ఎఫెసు, తుయతైర, ఫిలిప్పీ, కొరింథు చూడాలంటే జేబులోంచి తీయాల్సిందే. ఇది అన్యాయమని నేననను, పన్ను డబ్బుతో యాత్రలెందుకన్న వాదనలోనూ పస ఉంది. కానీ అపొస్తలుల కార్యములు చదివి పెరిగినవాళ్లను సువార్తల దగ్గరే ఆపేసే ఏర్పాటు ఇది.

బృందాన్ని నడిపేది మామూలుగా పాస్టరు. ఇంతమందిని కూడగడితే ఆయన టికెట్టు ఉచితం, ఇది టూరు వ్యాపారంలో అందరికీ తెలిసిన లెక్క. టర్కీలో లైసెన్సున్న స్థానిక గైడు తప్పనిసరి. ఆయన ఇంగ్లీషులో రాళ్ల వయసు చెబుతాడు, పాస్టరు తెలుగులో వాక్యం చెబుతాడు. ఒకరి మాట ఇంకొకరికి అక్కర్లేదు. ఎజీరియా వెంట నడిచిన సన్యాసులు ఈ రెండు పనులూ తామే చేశారు. నేటి బృందాల్లో మూడో గొంతు ఒకటి ఉంటే బాగుంటుందని నా ఆశ. అది బస్సు వెనక సీట్లో కూర్చున్న మగ్గం మనిషి గొంతు, తోళ్ల షాపులో పనిచేసి రిటైరైనవాడి గొంతు. తుయతైరలో మైకు ఒక్క పది నిమిషాలు వాళ్లకివ్వండి.

వేలూరు అనగానే చిత్తూరు, కడప జిల్లాల్లో ఎవరికైనా ముందు గుర్తొచ్చేది యాత్ర కాదు, ఆసుపత్రి. ‘వేలూరు పోవాలన్నారు’ అంటే జబ్బు ముదిరిందని అర్థం. ఆ ఆసుపత్రికి ప్రాణం పోసిన ఐడా స్కడ్డర్, జాన్ స్కడ్డర్ మనవరాలు. 1870లో రాణిపేటలో పుట్టింది. 1900లో ఒక్క మంచంతో వైద్యం మొదలుపెట్టింది. 1909లో ఒంటి సిలిండరు పెజో కారు చేతికి రాగానే గుడియాత్తం దారి పట్టింది. వారంలో ఒక రోజు ఆ దారి పొడవునా చెట్ల కింద ఆగి కళ్లు, పుళ్లు, జ్వరాలు చూసేది. ఎఫెసు గుడి కోసం వుడ్ ఆరేళ్లు వెతికాడు, జాఫాలో సీమోను ఇల్లంటూ చూపే తలుపుకు రుజువు లేదు. ఈ దారికి వెతుకులాట అక్కర్లేదు, బస్సు టికెట్టు చాలు. ఆ చెట్లలో ఏవి మిగిలాయో లెక్కపెట్టినవాళ్లు ఉంటే నాకు చెప్పండి.

వచ్చే భాగంలో థామస్ కుక్ గుడారాలు, వంటవాళ్లు, కంచర గాడిదలతో పాలస్తీనాలో దిగుతాడు. ఈలోగా గుడియాత్తం, పేర్ణాంబట్టు, పలమనేరు వైపు పాఠకులకు ఒక మనవి. డబ్బా రంగులు రాకముందు చిరువేరుతో గానీ, మరే వేరుతో గానీ నూలు ఎర్రగా అద్దిన కథ మీ ఇళ్లల్లో ముసలివాళ్లు ఎవరైనా చెప్పి ఉంటే, ఆ వేరును వాళ్లు ఏ పేరుతో పిలిచారో, నూలును ఎన్నిసార్లు ముంచారో రాసి పత్రికకు పంపండి.